తెల్లటి పొలం, నల్లటి విత్తనాలు

అమెరికాలోని అయోవా రాష్ట్ర రాజధాని డిమొయిన్ పేరును ఇంగ్లీషులో రాస్తే అందులో రెండు చోట్ల ‘ఎస్’ అక్షరం ఉంటుంది, పలికేటప్పుడు మాత్రం ఆ రెండూ వినిపించవు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ నగరంలో ఉన్నవారు సుమారు 2,14,000 మంది. అంటే మా రాజమహేంద్రవరం కన్నా చిన్నది. చుట్టూ ఉన్న ఆంకెనీ, అర్బన్‌డేల్, వాకీ వంటి ఊళ్ళన్నీ కలుపుకుంటే 7 లక్షల మంది ఉంటారు. బీమా వ్యాపారానికి పేరున్న నగరం కాబట్టి మావారికి ఇక్కడ ఉద్యోగం దొరికింది. మేము వచ్చేనాటికి మా అమ్మాయికి నాలుగేళ్ళు.

డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్న మా బంధువుల పిల్లలకు తెలుగు మాట అంగడిలో వినిపిస్తుంది, పక్కింట్లో వినిపిస్తుంది, బడి బస్సులోనూ వినిపిస్తుంది. మా వీధిలో మాది ఒక్కటే తెలుగు ఇల్లు. గుడికి వెళ్ళాలంటే మొక్కజొన్న చేల మధ్య నుంచి సుమారు అరగంటకు పైగా కారులో ప్రయాణించి మ్యాడ్రిడ్ అనే చిన్న ఊరు చేరాలి. (ఆ ఊరి పేరును స్పెయిన్ రాజధానిలాగా కాక, మొదటి అక్షరాన్ని ఒత్తి పలకాలి. పలుకుబడిని బట్టే ఇక్కడివారు ఎవరు ఈ ఊరివారో, ఎవరు కాదో తెలుసుకుంటారు.) ఆరేళ్ళు వచ్చేసరికి మా అమ్మాయి మేము తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. అర్థం కాక కాదు, తెలుగులో చెప్పవలసిన అవసరం ఆమెకు ఎక్కడా కనిపించలేదు. ఆ రోజుల్లో నేను చాలా దిగులుపడ్డాను. ఇంత చిన్న నగరానికి వచ్చి బిడ్డకు అన్యాయం చేశామని ఎన్నో రాత్రులు అనుకున్నాను.

ఆ దిగులుకు జవాబు నేను ఎదురుచూడని చోట దొరికింది. అమెరికా అంతటా పిల్లలు హాలోవీన్ నాడు, అంటే అక్టోబరు 31 సాయంత్రం, వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు తెచ్చుకుంటారు. మేము వచ్చిన కొత్తలో డిమొయిన్‌లో ఇది 30వ తేదీనే జరిగేది. దానికి ఇక్కడ ‘బెగ్గర్స్ నైట్’ అని పేరు. 1938లో హాలోవీన్ రాత్రి కుర్రవాళ్ళు చేసిన ఆగడాల మీద పోలీసులకు వందల కొద్దీ ఫిర్యాదులు అందాయట. ఆ అల్లరిని మళ్ళించడానికి నగరపాలకులు చిన్నపిల్లల కోసం ఈ సాయంత్రాన్ని వేరుగా ఏర్పాటు చేశారు. దానితోపాటు ఒక నియమం కూడా స్థిరపడింది. మిఠాయి ఊరికే రాదు. గుమ్మం ముందు నిలబడిన ప్రతి బిడ్డా ఒక హాస్యోక్తి గాని, ఒక చిక్కు ప్రశ్న గాని చెప్పాలి. ఇంటివాళ్ళు జవాబు ఆలోచించి, ఓడిపోయి, నవ్వి, అప్పుడు సంచిలో మిఠాయి వేస్తారు.

మొదటిసారి ‘బిచ్చగాళ్ళ రాత్రి’ అని విన్నప్పుడు నా మనసు ఒప్పుకోలేదు. చేయి చాచి ఇల్లిల్లూ తిరగమని కన్నబిడ్డను ఎలా పంపడమని, పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న మా నాన్నగారితో ఫోనులో అన్నాను. ఆయన ఆ నియమం అంతా విని, “ఇందులో బిచ్చం ఏముందమ్మా, ఇవి మన దసరా పప్పుబెల్లాలే కదా” అన్నారు. ఆయన చిన్నతనంలో దసరా వచ్చిందంటే పంతులుగారు ముందు నడుస్తుంటే, బడిపిల్లలు రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, పద్యాలు పాడుతూ ఊరంతా తిరిగేవారట. ఇంటివాళ్ళు పంతులుగారికి సంభావన ఇచ్చి, పిల్లల చేతుల్లో పుట్నాల పప్పు, బెల్లం పెట్టేవారట. పద్యం సరిగా రానివాడు వెనక వరుసలో నిలబడేవాడని, తాను రెండేళ్ళు వెనకే నిలబడి మూడో ఏడు ముందుకు వచ్చానని కూడా చెప్పారు. నేను పుట్టి పెరిగిన ఇంటి సంగతి నాకు అయోవాలో ఉండగా తెలిసింది.

ఆ ఏడాది మా అమ్మాయికి చెప్పడానికి ఏమీ లేదు. తోటి పిల్లలంతా పుస్తకాల నుంచి ఏరుకున్న ఇంగ్లీషు హాస్యోక్తులే చెబుతున్నారు, తనకు మాత్రం ఎవరూ విననిది కావాలి. తాతయ్యను అడగమన్నాను. మాకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ ఆదివారం ఉదయం ఏడు గంటలు. అప్పటికి ఆయన కాఫీ తాగి అరుగు మీద కూర్చుని ఉంటారు. ఆ నెలంతా వారానికి రెండు పొడుపు కథలు వచ్చాయి. వాటిని ఇంగ్లీషులోకి మార్చడం మా అమ్మాయి పని. “కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తెరిచినా చప్పుడు కావు” అన్నదానికి కనురెప్పలని జవాబు చెప్పవచ్చు గాని, ఆ కిటకిట ఇంగ్లీషులోకి రాలేదు. వట్టి మాటలు మిగిలాయి. ఆమె దానిని పక్కన పెట్టింది. ఒక మాటకు అర్థం ఒకటి, చప్పుడు ఒకటి ఉంటాయని ఆరేళ్ళ పిల్లకు తెలియడం నేను కళ్ళారా చూశాను. అక్షరాలు దిద్దించి నేను అది నేర్పగలిగి ఉండేదాన్ని కాను.

చివరికి ఎంచుకున్నది ఇది: తెల్లటి పొలంలో నల్లటి విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు. జవాబు: రాత. చేత్తో రాస్తాం, నోటితో చదువుతాం. వేషం మీద చలికోటు వేసుకుని, చేతిలో గుడ్డసంచితో ఆమె పక్కింటి పెద్దావిడ గుమ్మం ఎక్కి ఈ ప్రశ్న అడిగింది. ఆవిడ రైతు బిడ్డ, అయోవా పల్లెలో పెరిగినవారు. ‘పొలం’ అనగానే తలుపుకు ఆనుకుని నిజంగా ఆలోచించడం మొదలుపెట్టారు. వెనుక వచ్చిన పిల్లలు మెట్ల మీద ఎదురుచూస్తున్నా ఆవిడ తొందరపడలేదు. కొంతసేపటికి, “మంచు కప్పిన పొలంలో వాలిన కాకులు” అన్నారు. అసలు జవాబు చెప్పగానే, చేత్తో చల్లి నోటితో ఏరడమన్న మాటను మళ్ళీ చెప్పించుకుని విన్నారు, తర్వాత సంచిలో రెండు గుప్పెళ్ళ మిఠాయిలు వేశారు.

ఆవిడను మా అమ్మాయి అందరిలాగే పేరు పెట్టి పిలిచేది. ఇక్కడ అది తప్పు కాదు. అయినా డెబ్బై దాటిన మనిషిని బిడ్డ అలా పిలవడం నా చెవికి ఎన్నడూ అలవాటు కాలేదు. ఆ సంగతి ఆవిడతోనే చెబితే, మీ ఊళ్ళో అయితే నన్ను ఏమని పిలుస్తారని అడిగారు. ‘మామ్మగారు’ అన్నాను. అప్పటి నుంచి ఆవిడ మా ఇంట్లో మామ్మగారే.

ఆ మరుసటి వేసవిలో మా నాన్నగారు మూడు నెలలు ఉండడానికి వచ్చారు. నడిచి వెళ్ళడానికి దుకాణం లేదు, మాట్లాడడానికి తోటివారు లేరు, ఎలా పొద్దు గడుస్తుందోనని భయపడ్డాను. ఒకరోజు ఆయనను నది ఒడ్డున పాత గ్రంథాలయ భవనంలో ఉన్న ప్రపంచ ఆహార బహుమతి సంస్థకు తీసుకువెళ్ళాము. అయోవాలోని క్రెస్కోలో పుట్టిన వ్యవసాయ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ నెలకొల్పిన బహుమతి అది. 1987లో మొట్టమొదట దానిని అందుకున్నది ఎం.ఎస్. స్వామినాథన్ గారు. 1996లో ఐ.ఆర్.8 వరిని రూపొందించడంలో ముఖ్యుడైన హెన్రీ బీచెల్‌కూ, గురుదేవ్ ఖుష్‌కూ కలిపి ఇచ్చారు. ఆ పేర్లు చదివి వినిపించగానే మా నాన్నగారు నిలబడిపోయారు. 1967లో మా జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐ.ఆర్.8 పండించి చూపినప్పుడు, మా నాన్నగారు పదిహేనేళ్ళ కుర్రవాడు. ఆ పొట్టి పైరును చూడడానికి జనం బళ్ళు కట్టుకుని వెళ్ళిన కథ ఆయన మనవరాలికి ఆ భవనంలోనే చెప్పారు. ఈ నగరంలో తాతయ్యకు మా కన్నా ఎక్కువ తెలిసిన విషయం ఒకటి ఉందని ఆమెకు ఆనాడు తెలిసింది.

తర్వాత మామ్మగారు తమ తమ్ముడి పొలానికి మమ్మల్ని తీసుకువెళ్ళారు. మొక్కజొన్న మనిషిని మించి ఎదిగి ఉంది. మా నాన్నగారికి ఇంగ్లీషు రాదు, ఆ రైతుకు తెలుగు రాదు. నేను నోరు విప్పేలోగానే మా అమ్మాయి ఇద్దరి మధ్య నిలబడింది. ఎకరానికి దిగుబడి ఎంత అని తాతయ్య అడిగితే, సుమారు 200 బుషెళ్ళని జవాబు వచ్చింది. బుషెల్ అంటే ఎంత అని ఈయన, బస్తా అంటే ఎంత అని ఆయన అడిగారు. మొక్కజొన్న బుషెల్ అంటే 56 పౌండ్లు, అంటే పాతిక కిలోలకు కొంచెం ఎక్కువ. 75 కిలోల బస్తా లెక్కన అరవై ఏడు బస్తాలకు పైమాట. ఆ లెక్క తేలేవరకు ఆమె ‘కోత’, ‘కంకి’, ‘దిగుబడి’, ‘కౌలు’ అన్న మాటలను తాతయ్య నోటి నుంచి ఒక్కొక్కటిగా అడిగి తీసుకుంది. ఆ పూట ఆమెకు తెలుగు లేకపోతే ఇద్దరు పెద్దమనుషుల సంభాషణ ఆగిపోయేది. పెద్ద నగరంలో అయితే ఆ పని చేయడానికి పదిమంది ముందుకు వచ్చేవారు, ఇక్కడ ఆమె తప్ప ఎవరూ లేరు.

ఆయన సెప్టెంబరులో తిరిగి వెళ్ళారు, మంచు చూడలేదు. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఊరి చివర పొలం మీద మోకాలి లోతు మంచు, దాని మీద కాకుల గుంపు కనిపిస్తే, మా అమ్మాయి కారు ఆపించి ఫోటో తీసి పంపింది. “తెల్లటి పొలంలో నల్లటి విత్తనాలు” అని తాతయ్యను తెలుగులోనే అడిగింది. ఆయన చాలాసేపు ఆ చిత్రం చూసి, “ఈ నేల మంచు కింద ఎన్ని నెలలు ఉంటుందమ్మా? దుక్కి ఎప్పుడు మొదలుపెడతారు?” అని అడిగారు. ఆ జవాబు మాకు తెలియదు. ఇంటికి రాగానే ఆమె బూట్లు విప్పకుండానే మామ్మగారి తలుపు తట్టడానికి వెళ్ళింది.