‘రూడ్లీ ఇంటరప్టెడ్’ పాటలు వింటూ

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో 2006లో ఏర్పడిన ‘రూడ్లీ ఇంటరప్టెడ్’ అనే రాక్ బ్యాండు పేరు మన వైపు సంగీతాభిమానులలో ఎక్కువమంది విని ఉండరు. ఆటిజం, అంధత్వం, డౌన్ సిండ్రోమ్ వంటివి ఉన్న యువతీయువకులు, వారితో పాటు సంగీత చికిత్స రంగంలో పనిచేసిన రోహన్ బ్రూక్స్ అనే సంగీతకారుడు కలిసి ఈ బ్యాండును నిలబెట్టారు. ముఖ్య గాయకుడు రోరీ బర్న్‌సైడ్‌కు పుట్టుకతోనే కళ్లు లేవు, దానికి తోడు ఆస్పర్జర్స్ సిండ్రోమ్ ఉంది. (అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన వర్గీకరణను సవరించినప్పుడు ఆ పేరును విడిగా ఉంచకుండా ఆటిజం స్పెక్ట్రమ్ అనే విశాలమైన వర్గంలో కలిపేసింది.) 2008 డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాడు, వీరు న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో కచేరీ చేశారు.

చికిత్సలో భాగంగా పాడించడానికీ, బ్యాండులో పాడడానికీ చాలా తేడా ఉందని నా అభిప్రాయం. చికిత్సలో పాట ఒక సాధనం; పిల్లవాడు కుదురుగా కూర్చున్నాడా, ఎదుటి మనిషి కళ్లలోకి చూశాడా అన్నదే అక్కడ లెక్క. బ్యాండులో అదంతా ఎవరికీ పట్టదు. బేస్ గిటారు డ్రమ్ములతో కలిసిందా లేదా, రెండో చరణం తరువాత పల్లవి సరిగ్గా ఎత్తుకున్నారా లేదా అన్న ప్రశ్నలే మిగులుతాయి, వాటికి జవాబు చెప్పవలసిన బాధ్యత వాయించేవాడిదే అవుతుంది.

ఆటిజం ఉన్నవారిలో చాలామందికి రాక్ సంగీతపు కట్టుబడి అనుకూలంగా ఉంటుందనడానికి కారణాలు ఆ సంగీతంలోనే కనిపిస్తాయి. మన కర్ణాటక కచేరీలో మృదంగ విద్వాంసుడు గాయకుడి ముఖం వైపు చూస్తూ, ఆయన మనోధర్మం ఎటు తిరుగుతుందో క్షణక్షణం పసిగడుతూ వాయించాలి. ఎదుటివారి ముఖకవళికలను చదవడం కష్టమైన మనిషికి అది పెద్ద పరీక్ష. మామూలు రాక్ పాటలో చరణమెంత, పల్లవెంత, ఎన్నిసార్లు తిరగాలి అన్నవి సాధనలోనే ఖరారవుతాయి. డ్రమ్మర్ రెండు కర్రలనూ ఒకదానితో ఒకటి తాకిస్తూ నాలుగు లెక్కపెడితే, ఆ టకటకలతోనే అందరికీ ఎత్తుగడా వేగమూ తెలిసిపోతాయి. ఎవరూ ఎవరి కనుసైగ కోసమూ ఎదురుచూడనక్కరలేదు. ఏ పాట తరువాత ఏ పాట అన్నది ముందే చీటీ మీద రాసి వేదిక మీద అతికిస్తారు. చూపు లేని గాయకుడు ఆ చీటీని ఎలాగూ చదవలేడు కనుక, వరుస కంఠస్థంగా ఉండవలసిందే. రోరీకి శ్రుతిపెట్టె తోడు లేకుండానే ఏ స్వరాన్నయినా ఠక్కున గుర్తుపట్టే శక్తి ఉంది. జనసామాన్యంలో ఈ శక్తి చాలా అరుదు, ఆటిజం ఉన్నవారిలో కాస్త ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధకులు గమనించారు. అలాగని ఆటిజం ఉన్న ప్రతివారూ సంగీత మేధావులని చెప్పడం అబద్ధం. చాలామందికి అటువంటి శక్తి ఏదీ ఉండదు, ఉండనక్కరలేదు కూడా.

శబ్దమంటే బెదిరిపోయే పిల్లలు అంత హోరులో ఎలా నిలబడతారన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. మా పిన్నిగారి మనవడికి ఆటిజం ఉంది. వంటింట్లో ఎవరైనా చెప్పకుండా మిక్సీ వేస్తే రెండు చెవులూ మూసుకుని పెరట్లోకి పరుగెడతాడు. అదే మిక్సీ మీట తన చేతికిస్తే పచ్చడి మెత్తగా నలిగేదాకా తిప్పుతూ దగ్గరే నిలబడతాడు. బాధించేది శబ్దపు పరిమాణం ఒక్కటే కాదని, అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తన చేతిలో లేకపోవడమని నాకు అతణ్ని చూశాకే అర్థమయింది. డ్రమ్ముల వెనుక కూర్చున్నవాడికి ప్రతి దెబ్బా ముందే తెలుసు. అప్పటికీ చాలదనుకున్నవారు శబ్దాన్ని తగ్గించే ఇయర్ మఫ్‌లు చెవులకు తగిలించుకుంటారు. వారిని నిజంగా ఇబ్బంది పెట్టేది పాట అయ్యాక హఠాత్తుగా లేచే చప్పట్లే కావచ్చు.

ఆ చప్పట్లతోనే నాకు చిన్న పేచీ ఉంది. ఇటువంటి బ్యాండుల వీడియోల కింద ‘స్ఫూర్తిదాయకం’, ‘కళ్లు చెమర్చాయి’ అన్న మాటలే వరుసగా కనిపిస్తాయి తప్ప, గిటారు పలికిన తీరు గురించి గానీ, సాహిత్యం గురించి గానీ ఒక్క ముక్క ఉండదు. ‘ది ఆటిస్టిక్స్’ అని లండన్ యువకులు తమ బ్యాండుకు పేరు పెట్టుకున్నది జాలి కోరి అయి ఉండదు. ముందు అనవలసిన మాటేదో మేమే అనేస్తున్నాం, ఇక పాట వినండి అన్న కొంటెతనం అందులో నాకు వినిపిస్తుంది.

జాలికి అసలే చోటివ్వని పాట ఫిన్లాండ్ నుంచి వచ్చింది. ‘పెర్త్తి కురికన్ నిమిపైవాత్’ అనే పంక్ (రాక్‌లోనే వేగంగా, మొరటుగా సాగే శాఖ) బ్యాండు సభ్యులు కుర్రవాళ్లు కారు గానీ, వారిలోనూ ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారే ఉన్నారు. 2015లో వియన్నాలో జరిగిన యూరోవిజన్ అనే దేశాల మధ్య పాటల పోటీలో వారు ఫిన్లాండ్ తరఫున పాడిన పాట నిమిషమున్నర కూడా లేదు. ఆ పోటీ చరిత్రలోనే అది అతి చిన్నది. ఎప్పుడు చూసినా ఇల్లు ఊడవాలి, గిన్నెలు తోమాలి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మిఠాయి తినకూడదు, టీవీ చూడకూడదు అంటూ సాగే ఫిర్యాదుల జాబితాయే ఆ పాట. ఎదిగిన మనిషికి ఇతరులు రోజంతా చెప్పే సుద్దులను అంత కోపంగా, అంత క్లుప్తంగా చెప్పిన పాట నేను మరొకటి వినలేదు. సెమీఫైనల్లో వారికి చిట్టచివరి స్థానం దక్కింది. బ్యాండు మాత్రం మరో ఏడాదిన్నర వాయించి, 2016 చివర గిటారిస్టు పెర్త్తి కురిక్కకు అరవై ఏళ్లు నిండడంతో, పదవీ విరమణ చేసే గుమాస్తా అంత పద్ధతిగా కచేరీలు విరమించుకుంది. రాక్ సంగీతంలో విరమణ ప్రకటించి ఆ మాట మీద నిలబడినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.