మొదటి ఏడాది స్ప్రింట్, రెండో ఏడాది ఒలింపిక్, గోవా ఆ తర్వాతే

ఈత, సైకిల్, పరుగు ఆగకుండా వరుసగా చేసే ట్రయాథ్లాన్ రేసులు కొత్తగా మొదలుపెట్టిన మన పాలమూరు, నల్లగొండ తమ్ముళ్లు ఈ మధ్య నన్ను అడిగేది దాదాపు ఒక్కటే: "అన్నా, డైరెక్ట్‌గా గోవా హాఫ్‌కే పేరు ఇచ్చేద్దామా?" 2019లో అక్కడ ఐరన్‌మ్యాన్ 70.3, అంటే హాఫ్ దూరం రేసు, మొదలైన దగ్గర్నుంచి ఆ పేరు అందరి నోళ్లలో నానుతోంది. మెడల్ వేసుకున్న ఫొటోలు చూస్తే నాకూ ఒళ్లు పులకరిస్తుంది, ఆశపడటంలో తప్పేం లేదు. కానీ నన్నడిగితే మొదటి ఏడాది స్ప్రింట్, రెండో ఏడాది ఒలింపిక్, హాఫ్ ఆ తర్వాతే.

ముందు లెక్క చూడండి. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దానికి సరిగ్గా రెట్టింపు: 1.5, 40, 10. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లోకి ట్రయాథ్లాన్ వచ్చింది ఈ దూరంతోనే. హాఫ్ అంటే 1.9, 90, 21.1, మొత్తం 113 కిలోమీటర్లు, మైళ్లలో చెబితే 70.3. ఫుల్ దానికి రెట్టింపు, దాని సంగతి ఇప్పుడొద్దు. ఒలింపిక్ నుంచి హాఫ్‌కి పోయేటప్పుడు ఏది పెరిగిందో గమనించారా? ఈత 400 మీటర్లే పెరిగింది, సైకిలూ పరుగూ మాత్రం రెట్టింపు దాటాయి. అంటే ఒలింపిక్ కోసం ఈత బాగా కుదిరితే హాఫ్ ఈత దాదాపు చేతికొచ్చినట్టే, ఇక మిగిలేది రోడ్డు మీద పెట్టాల్సిన గంటలు. మన దగ్గర రోడ్లకు కొదవ లేదు, ప్రాక్టీసుకు పనికొచ్చే నీళ్లకే కొదవ. అందుకే మొదటి రెండేళ్ల కష్టమంతా నీళ్లలో పెట్టమంటున్నాను.

మనలో చాలామంది వ్యవసాయ బావిలో నడుముకు డబ్బా కట్టుకొని ఈత నేర్చుకున్నవాళ్లమే. నీళ్లంటే భయం లేకపోవడం చిన్న సంగతి కాదు, పట్నం పిల్లలకు అది రావడానికే చాలా కాలం పడుతుంది. అయితే బావి ఈతలో తల ఎప్పుడూ పైనే ఉంటుంది. పైనుంచి దూకడం, అవతలి మెట్లు అందుకోవడం, దూరం అంతే. తల పైకెత్తితే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి, ఆ కాళ్లను ఈడ్చుకుంటూ పోవడానికి చేతులు రెట్టింపు పని చేస్తాయి, యాభై మీటర్లకే ఆయాసం వస్తుంది. 750 మీటర్లు పోవాలంటే ముఖం నీళ్లలో పెట్టి, ముక్కు నుంచి నిదానంగా బుడగలు వదులుతూ, ఊపిరి కావాల్సినప్పుడు తల ఎత్తకుండా పక్కకు తిప్పి, ఒక చెవి నీళ్లలోనే ఉండగా నోటితో గాలి పీల్చుకోవాలి. చెప్పడానికి ఒక్క వాక్యం, ఒంటికి పట్టడానికి నెలలు. 25 మీటర్ల పూల్ దొరికితే స్ప్రింట్ ఈత అంటే 30 లెంగ్త్‌లు. అవి ఆగకుండా, మాట్లాడే ఓపిక మిగిలేలా చేయగలిగిన రోజు ఎంట్రీ ఫీజు కట్టండి.

కోయిల్‌సాగర్, ఉదయసముద్రం రిజర్వాయర్లు చూస్తే దిగాలని మనసు లాగుతుంది, నాకు తెలుసు. ఒంటరిగా మాత్రం దిగొద్దు. తూముల దగ్గర నీళ్లు లాగుతాయి, కింద వలలుంటాయి, బురద ఉంటుంది. అనుమతి తీసుకొని, పక్కన పడవ, ఈత బాగా వచ్చిన మనిషి ఉంటేనే, నడుముకు తేలే ఫ్లోట్ కట్టుకొని దిగండి. ఈ విషయంలో దయచేసి నా మాట వినండి.

సైకిల్ సంగతికొస్తే, దేవరకద్ర వైపు రోడ్డు గానీ, నల్లగొండ వాళ్లకు సాగర్ వైపు రోడ్డు గానీ తెల్లవారుజామున హాయిగా ఉంటుంది. కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు, చీకట్లో ఆ రాయి కనపడదు. కాబట్టి ముందు లైటు ఉండాలి, వడ్ల మీదికి చక్రం పోకూడదు, అది రైతు ఆరు నెలల కష్టం. 20, 40 కిలోమీటర్ల రైడ్ అయితే ఆరింటికల్లా ఇంట్లో ఉండొచ్చు. హాఫ్‌కి కావాల్సిన మూడు, నాలుగు గంటల రైడ్, దాని వెంటనే పరుగు అంటే మన ఎండలో ఏప్రిల్, మే నెలల్లో పెద్ద పరీక్షే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు.

ఇంకొకటి, తిండి. స్ప్రింట్ కొత్తవాళ్లకు గంటన్నర అటూ ఇటూ, పొద్దున రెండు అరటిపండ్లు తిని పోతే గడిచిపోతుంది. హాఫ్ ఆరు నుంచి ఎనిమిది గంటల పని. గంటకు ఎంత తినాలి, ఎంత ఉప్పు పోతోంది, కడుపు దేన్ని ఒప్పుకుంటుంది, ఇవన్నీ నేర్చుకోవడం దానికదే ఒక చదువు. ఈతా, సైకిల్ దిగిన వెంటనే కాళ్లు మనవి కానట్టుండే ఆ మొదటి కిలోమీటరూ ఇంకా అలవాటు కాని మనిషి మీద ఈ చదువు కూడా మోపడం నాకు న్యాయంగా అనిపించదు. స్ప్రింట్ చేస్తే ఒంటికి పెద్దగా దెబ్బ తగలదు, రెండు మూడు వారాల్లో మళ్లీ రేసుకు దిగొచ్చు. ఏడాదిలో రేసులు ఎక్కువ, నేర్చుకునేదీ ఎక్కువ. వారానికి ఐదారు గంటలు చాలు కాబట్టి డ్యూటీలు, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లకూ కుదురుతుంది.

ఈత అసలు రానివాళ్లు డ్యుయాథ్లాన్‌తో మొదలుపెట్టొచ్చు, పరుగు, సైకిల్, మళ్లీ పరుగు. ఈత నేర్చుకునేలోపు రేసు వాతావరణం అలవాటవుతుంది.

ఇంత చెప్పినా హాఫే చేస్తానంటే కాదనను, కానీ పేరు ఇచ్చే ముందు కటాఫ్, అంటే ఎంత సమయంలోపు ముగించాలన్న లెక్క, వేసుకోండి. 70.3 రేసుల్లో సాధారణంగా ఈతకు 1 గంట 10 నిమిషాలు, మొత్తానికి 8 గంటల 30 నిమిషాలు ఇస్తారు. అంటే ఈతలో ప్రతి 100 మీటర్లు 3 నిమిషాల 40 సెకన్లలో అయిపోవాలి, అదీ గోవాలో అయితే అలల మధ్య. పూల్‌లో 1,900 మీటర్లు 55 నిమిషాల లోపు వస్తుంటే, మరుసటి వారం 80 కిలోమీటర్లు తొక్కి దిగగానే 10 కిలోమీటర్లు నడవకుండా పరుగెత్తగలిగితే, నాకు మెసేజ్ పెట్టండి, వానాకాలం ప్లాన్ కలిసి కూర్చొని రాసుకుందాం.