ఏడు నిమిషాల గోడ

జనవరి నెలాఖరు, ఆదివారం

పొద్దున పదిన్నరకు పాత ఇంటి ముందు కెమెరా నిలబెట్టి, ఒకే దృశ్యాన్ని నాలుగు ఫిల్ము షీట్ల మీద తీశాను. సంక్రాంతికి సున్నం వేసిన గోడ ఎండకు మెరుస్తోంది. పక్కన పెంకుల వసారా, దాని లోపల నల్లబడిన టేకు తలుపు. వెలుగు కొలిచే మీటరుతో చూస్తే తలుపుకూ గోడకూ మధ్య ఐదు స్టాపుల తేడా వచ్చింది (ఒక్కో స్టాపుకూ వెలుగు రెట్టింపు). తలుపు చెక్క గీతలు పోకూడదు, అయినా తలుపు నల్లగానే కనిపించాలి. అందుకే అక్కడ మీటరు చూపినదానికి రెండు స్టాపులు మాత్రమే తగ్గించాను. మబ్బు తునక లేదు. నాలుగింటికీ ఒకే ఎక్స్‌పోజరు, అంటే ఫిల్ము మీద పడనిచ్చిన వెలుగు ఒకటే.

నాకు కావలసింది ఒక్క అంకె: ఈ ఫిల్మును ఎన్ని నిమిషాలు కడగాలో. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముకు డి-76 అనే డెవలపర్‌ను (బొమ్మను తేల్చే రసాయనాన్ని) సమానంగా నీళ్లు కలిపి వాడితే, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు కడగాలని పట్టికలో ఉంటుంది. రాజోలు వైపు 20 డిగ్రీల నీళ్లు ఏ నెలలో వస్తాయి? వేసవిలోనూ నేను నిలబెట్టగలిగేది 24. ఆ వేడికి లెక్క కడితే సుమారు ఎనిమిది నిమిషాలు అవుతుంది. కానీ అది లెక్క మాత్రమే. నా ట్రే, నా చేయి కదిలే తీరు, నా థర్మామీటరు ఆ లెక్కలో లేవు. అందుకే ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది నిమిషాలు, ఒక్కో షీటుకు ఒక్కో కాలం.

మా బోరు నీళ్లు ఉప్పన. తాగే నీళ్ల టిన్నే డెవలపర్‌కూ వాడాను. రొయ్యల లారీలకు ఐసు వేసే ఫ్యాక్టరీ నుంచి ఒక దిమ్మ తెచ్చి, ముక్కలు కొట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి, ట్రే కింది తొట్టిలో ఉంచాను. ఐసు నేరుగా తగిలితే డెవలపర్ పలచబడిపోతుంది.

ధాన్యం గదికి కిటికీ లేదు. తలుపు సందులకు దుప్పటి కట్టాను. ఈ ఫిల్ము ఎరుపుతో సహా అన్ని రంగులనూ చూస్తుంది, అందువల్ల ఎర్ర బల్బు కూడా పనికిరాదు. చీకట్లో ఏ షీటు ఏదో తెలియడానికి అంచున కత్తెరతో గాట్లు పెట్టాను: ఆరుకు ఒకటి, ఏడుకు రెండు, అలా. నాలుగూ ఒకేసారి ట్రేలో వేసి, ఒక్కొక్కటిగా తీస్తే పని త్వరగా అయ్యేది. అయితే షీట్లు తగ్గేకొద్దీ కదలిక మారుతుంది, పోలిక చెడుతుంది. అందుకే ప్రతిసారీ కొత్త డెవలపర్ పోసి, ఒక్కో షీటే కడిగాను. మధ్యాహ్నమంతా దానికే పోయింది.

అమ్మ గది బయట కుర్చీ వేసుకుని గోడ గడియారం చూస్తూ నిమిషాలు చెప్పింది.

“ఎంతయిందమ్మా?”

“ఆరు దాటింది నాన్నా. ఏడు కాగానే చెబుతాను.”

ఆ గొంతు కోసం ఎదురుచూస్తూ, ట్రే మూలలు ఒక్కొక్కటే ఎత్తి దించుతూ కూర్చోవడం నాకు ఎంతో ఇష్టంగా ఉంది. అయినా తొమ్మిది నిమిషాల షీటు మీద నా గోరు గీత పడింది. ఆకాశం వైపు పడింది కాబట్టి పోలికకు అడ్డం కాలేదు.

నెగటివ్‌లు ఆరాక, వాటిని నేరుగా కాగితానికి ఆనించి కాంటాక్ట్ ప్రింట్లు వేశాను. నెగటివ్‌లో బొమ్మ లేని అంచు కాగితం మీద పూర్తి నలుపయ్యేంత వెలుగు ఇచ్చి, నాలుగింటికీ అదే కాలం వాడాను. తలుపు నాలుగింటిలోనూ దాదాపు ఒకలాగే ఉంది. నీడలు ఎక్స్‌పోజరుతోనే తేలిపోతాయనీ, కడిగే కాలం ముఖ్యంగా వెలుగులనే పెంచుతుందనీ ఏళ్లుగా వింటున్నాను. ఈ రోజు నా గోడ మీద చూశాను. ఆరు నిమిషాలకు సున్నం బూడిద రంగులో చప్పగా ఉంది. తొమ్మిదికి వట్టి తెల్ల కాగితం. ఎనిమిదికి పైభాగం కొంత పోయింది. ఏడుకు కుంచె అడ్డంగా వెళ్లిన గీతలు, కింద వాన నీరు చిమ్మి మిగిల్చిన మచ్చ, అన్నీ ఉన్నాయి, గోడ తెల్లగానే ఉంది.

డెవలపర్ సీసా మీద రాసి పెట్టాను: 24 డిగ్రీలు, 7 నిమిషాలు, ఎండ.

మబ్బు పట్టిన రోజున అదే గోడకూ తలుపుకూ మూడు స్టాపులే తేడా ఉంటుంది. అప్పుడు ఏడు చాలదు. దానికోసం మరో నాలుగు షీట్లు విడిగా తీసి ఉంచాను.