లోగో వెనక దొంగ

పాత ల్యాప్‌టాప్‌కు ప్రాణం పోద్దామని నిన్న రాత్రి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. రీస్టార్ట్ చేస్తే లోగో దగ్గరే బిగుసుకుపోయింది. ఫ్యాను మాత్రం రొద పెడుతోంది. పెన్‌డ్రైవ్‌ను అనుమానించి రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, దండగ. అసలు తీయాల్సింది ఆ లోగో ముసుగు. సిస్టమ్‌ను మొదలుపెట్టే గ్రబ్ మెనూలో ‘ఇ’ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుసలో ‘క్వైట్ స్ప్లాష్’ చెరిపి ఎఫ్10 కొడితే, తెల్లటి అక్షరాలు జలజలా దిగి గ్రాఫిక్స్ కార్డు పేరు దగ్గర ఆగాయి. దొంగ దొరికాడు! ఈసారి అదే వరుసలో ‘నోమోడ్‌సెట్’ చేర్చాను. తెర అమరిక జోలికి పోవద్దని లినక్స్ గుండెకాయైన కెర్నల్‌కు చెప్పడమన్నమాట. డెస్క్‌టాప్ వచ్చింది, అక్షరాలు గుమ్మడికాయలంత! ఆ మార్పు ఒక్కసారికే పనిచేస్తుంది కనుక, గ్రాఫిక్స్ కార్డును నడిపే సరైన డ్రైవరు వేయాల్సి వచ్చింది. ఆ పని అయ్యేసరికి పాలవాడి సైకిలు బెల్లు వినిపించింది.