బీచ్‌లో చిలక, బురుజుపేటలో బియ్యం

విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఐదు దాటాక, మురీ మిక్చర్ బళ్లకి కాస్త ఎడంగా చిలక జోస్యం పెట్టె కనబడింది. ముందు గుడ్డ, దాని మీద 27 కార్డులు, నక్షత్రానికి ఒకటి చొప్పున. పేరు చెప్పగానే జోస్యుడు తలుపు పైకి లాగుతాడు. చిలక నడిచొచ్చి ఒక్కో కార్డునీ ముక్కుతో లాగి పక్కన పడేస్తుంది. ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే చిలకని కాదు, ఆయన వేళ్లని చూడాలి. బొటనవేలి పక్కన వడ్లగింజ మెరవగానే ముక్కున ఉన్న కార్డు ఆయనకిచ్చి, గింజ పుచ్చుకుని లోపలికి పోతుంది. గింజ ఆలస్యమైనప్పుడు తొమ్మిదో కార్డు దాకా లాగుతూనే ఉంది.

సముద్రపు తేమకి ప్లాస్టిక్ కవర్లు అతుక్కుంటాయి. ఒకసారి రెండు జంటగా వచ్చాయి: పైన వినాయకుడు, కింద శనీశ్వరుడు. తడుముకోకుండా పైదే చదివాడు. "మరి కిందదో?" అని అడిగితే, "అది వెనకాల వచ్చేవాళ్లదమ్మా" అన్నాడు.

చిలక నడిచేది రెక్కల ఈకలు కత్తిరించబట్టే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకని పంజరంలో పెట్టడమే నేరం. ఈ పెట్టెలు తగ్గిపోతే నాకేం బెంగ లేదు.

మర్నాడు గురువారం, బురుజుపేట. కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎవరి పూజ వాళ్లే చేసుకోవచ్చు. ఆ దారిలోనే ఎరుక చెప్పే అమ్మ: చేట, బియ్యం, కర్ర. చేటలో నాణెం పెట్టించి, కంచి కామాక్షినీ మధుర మీనాక్షినీ కాశీ విశాలాక్షినీ పిలిచి, కర్ర కొస ఎదుటామె అరచేతిలో ఆనించింది. "నీ చేతిలో డబ్బు నిలవదు, నీ మాట ఇంట్లో చెల్లదు" అంటూ మొదలుపెట్టింది. ఈ మాటలు ఎవరికి సరిపోవు? ఏ మాటకి చెయ్యి బిగుసుకుంటే ఆ దారినే సాగింది.

సంబంధం గురించి ఎదుటామె సూటిగా అడిగేసరికి బియ్యం తీసింది. మూడువేళ్లతో చిటికెడు తీసి, జతలుగా పేర్చాలి. జతలన్నీ కుదిరితే అవును, ఒంటిగింజ మిగిలితే కాదు. మూడుసార్లు తీస్తే రెండుసార్లు వచ్చినదే జవాబు. చిక్కల్లా నూకతోనే. మూడోసారి ఒంటిగా మిగిలింది సగం గింజ. "నూక లెక్కకి రాదు తల్లీ" అని గోటితో చేట బయటికి తోసింది, జవాబు అవునైంది. రెండోసారి జతలో కూర్చున్నదీ నూకే, దాన్నెవరూ తీయలేదు. అడిగేవాళ్లు చిటికెడు తీయకముందే నూకలు ఏరించుకోవాలి, ఏది అవునో ఏది కాదో పైకి చెప్పించుకోవాలి.

ఎదుటామె లేచి వెళ్లాక, నాణెం నడుం సంచిలో వేసుకుని, చేట ఒళ్లో పెట్టుకుని నూకలు ఏరుతూ కూర్చుంది.