మాండ్వా దగ్గర లంగరు

ఈసారి బతుకమ్మ, దసరా ముగిశాక హన్మకొండ నుండి ముంబయి వెళ్ళి, మిత్రుడి తెరచాప పడవలో మాండ్వా మీదుగా అలీబాగ్ వైపు తీరం వెంబడి ప్రయాణించాను. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగాకే అక్కడ చిన్న పడవలకు సముద్రం అనుకూలిస్తుంది.

తెరచాప ఎత్తడం కంటే లంగరు వేయడమే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. పాఖాల, భద్రకాళి చెరువులు చూస్తూ పెరిగిన మాకు నీరు పెరగడమంటే వానాకాలపు సంగతి. అక్కడ ఇంచుమించు 6 గంటలకొకసారి పోటు (నీరు పెరగడం), పాటు (నీరు తగ్గడం) మారుతూ, పున్నమి, అమావాస్యల వేళ మట్టంలో 4 మీటర్ల తేడా సైతం వస్తుంది. అందుకే పాటు వేళ లోతు 5 మీటర్లే ఉన్నా, పోటుకు పెరిగే 4 మీటర్లు, నీటిపై పడవ ముక్కు ఎత్తు 1 మీటరు కలిపి, ఆ మొత్తానికి 5 రెట్లు, అంటే 50 మీటర్ల గొలుసు వదిలారు. అంత గొలుసు దండుగేమీ కాదు. అది అడుగున పరుచుకుని అడ్డంగా లాగినప్పుడే లంగరు కొన బురదలోకి దిగుతుంది, పొట్టిదైతే పైకి లాగి పెకలిస్తుంది. ఇంజనును మెల్లగా వెనక్కి నడుపుతూ గొలుసుపై అరచేయి ఆనించమన్నారు: లంగరు జారుతుంటే గరగరమని అదురు తెలుస్తుంది, పట్టు దొరికితే ఆ అదురు ఆగి గొలుసు బిగుసుకుంటుంది.

మధ్యాహ్నం సముద్రం నుండి వీచిన గాలి రాత్రికి నేలవైపు నుండి మళ్ళుతుంది. పడవ కూడా లంగరు చుట్టూ తిరుగుతుంది కనుక, జాలర్లు వలలకు పాతిన కర్రలు ఎంత దూరంలో ఉన్నాయో ముందే చూసుకోవాలి. లంగరు జారితే మోగే యాప్ ఫోనులో ఉన్నా, వంతులవారీగా ఒకరిని మేల్కొలిపే ఉంచారు; అది చాదస్తమని నాకు అనిపించలేదు.