పాలు తాగనివాళ్ళ పేర్లు

ఆదివారం, టిరానా, అల్బేనియా

ఈరోజు ఒక అత్తా అల్లుళ్ళ వాదన విన్నాను. అత్త అంటే నేను అద్దెకుండే ఇంటావిడ తల్లి. డెబ్భై ఎనిమిదేళ్ళావిడ, రిటైరైన టీచర్. అల్లుడు ఇంటావిడ భర్త, ఉత్తరాన ష్కోడర్ ఊరివాడు, కాథలిక్. నన్ను మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. పాలకూర బ్యురెక్, పెరుగులో వండిన గొర్రె మాంసం పెట్టారు. మాటల్లో ఈ దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా పేరు వచ్చింది. ఆయన పోయింది 1985లో. ఆ పేరు వస్తే ఈ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నెమ్మదిగా మాట్లాడలేరు.

పెద్దావిడ మాట్లాడుతుంటే ఇంటావిడ నాకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది. "మా అమ్మ వేలిముద్ర వేసేది. ఈ దేశంలో యుద్ధానికి ముందు నూటికి ఎనభై మందికి పైగా అక్షరం రాదు. చిత్తడి నేలల నిండా మలేరియా. కొండల్లో ఒకడు ఇంకొకణ్ణి చంపితే ఆ పగ మూడు తరాలు నడిచేది. నేను ఆడపిల్లని, నన్ను చదివించింది ఎవరు? యూనివర్సిటీ అనేది 1957 దాకా ఈ దేశంలో లేనే లేదు. నన్ను వేసిన ఊళ్ళో మొదట కిరసనాయిలు దీపమే. 1970 అక్టోబర్ కల్లా ప్రతి ఊరికీ కరెంటు వచ్చింది. ఆ బల్బు వెలిగిన రాత్రి మీరెవరూ చూళ్ళేదు."

ఆవిడ చెప్పినవన్నీ నిజాలే. నేను ఇక్కడికి రాకముందు అల్బేనియా అంటే బంకర్లు, జైళ్ళు అని మాత్రమే చదివాను. బంకర్లు లక్షా డెబ్భై వేలకు పైగా కట్టారంటారు, ఊరు దాటితే చేలల్లో ఇంకా కనిపిస్తాయి. కానీ తల్లికి రాత్రిళ్ళు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన కూతురు ఎదురుగా కూర్చుని చెబుతుంటే తేలిగ్గా తీసిపారేయలేం.

అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగాడు. "మరి మా తాత?"

ఆయన తాత ఇంట్లో జపమాల, ఒక ప్రార్థన పుస్తకం దొరికాయట. జైలు పడింది. కొడుక్కి, అంటే ఈయన తండ్రికి, 'బయోగ్రఫీ' చెడింది. ఇక్కడివాళ్ళు ఆ మాట ఇప్పటికీ అలాగే అంటారు. ఇంట్లో ఒకడు శత్రువని ముద్ర పడితే మిగతావాళ్ళ బయోగ్రఫీ పాడైనట్టు. కాలేజీ సీటు రాదు, మంచి ఉద్యోగం రాదు, పెళ్ళి సంబంధం కూడా కష్టమే. ఆయన తండ్రి లెక్కల్లో చాలా తెలివైనవాడట, ఇటుక బట్టీలో పనిచేసి రిటైరయ్యాడు.

ఈ సంగతులు నాకు కొంత తెలుసు. 1967 ఫిబ్రవరిలో హోజా ఒక ప్రసంగం చేశాడు. ఆ తర్వాత స్కూలు పిల్లల్ని, యువకుల్ని ముందు పెట్టి మసీదుల మీదికి, చర్చిల మీదికి పంపారు. ఏడాది తిరిగేసరికి అప్పటి ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2,169 ప్రార్థనా స్థలాలు మూతపడ్డాయి. కొన్ని కూల్చారు, కొన్ని గోదాములయ్యాయి. ష్కోడర్‌లోని పెద్ద కేథడ్రల్ ఆటల హాలు అయింది. ప్రపంచంలో మొదటి నాస్తిక రాజ్యం మాదేనని ప్రకటించుకున్నారు. 1976 రాజ్యాంగంలో 37వ అధికరణంగా అది ఎక్కింది: రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదు, నాస్తిక ప్రచారాన్ని సమర్థిస్తుంది. మరుసటి ఏడు వచ్చిన శిక్షాస్మృతిలో 55వ అధికరణం కింద మత ప్రచారానికి, మత పుస్తకం దాచుకున్నందుకు కూడా మూడు నుంచి పదేళ్ళ జైలు. అంటే పెట్టె అడుగున ఒక పుస్తకం ఉంటే చాలు. 1975లో ఇంకో ఉత్తర్వు ఉంది, దాని గురించి చదివినప్పుడు నిజంగా ఒళ్ళు మండింది. సైద్ధాంతికంగా సరిగా లేని పేర్లున్నవాళ్ళు పేరు మార్చుకోవాలట. అమ్మానాన్నలు ఏ పీర్ల పేరో, ఏ సెయింట్ పేరో పెట్టుకున్నందుకు!

ష్తెఫెన్ కుర్తి అనే ఫాదర్ ఉండేవాడు. నిర్బంధ శిబిరంలో ఒక తల్లి అడిగితే రహస్యంగా పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చాడు. 1970ల మొదట్లో ఆయన్ని కాల్చి చంపారు. ఎర్నెస్ట్ సిమోని అనే ఇంకొకాయనను 1963 క్రిస్మస్‌కు ముందురోజు పూజ ముగిశాక పట్టుకుపోయారు. గనుల్లో చాకిరీ చేయించారు, తర్వాత ష్కోడర్ మురుగు కాలువల్లో పని ఇచ్చారు. ఆయన బతికి బయటపడి 2016లో కార్డినల్ అయ్యాడు. ముస్లింలకూ అంతే. హాఫిజ్ సబ్రి కోచి అనే ఇమామ్ ఇరవై ఏళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు.

అల్లుడు ఇవన్నీ చెప్పలేదు. తాత గురించి చెప్పి, అత్తగారి వైపు తిరిగి, "లెంట్ రోజుల్లో మీ బళ్ళో ఏం చేసేవారో ఈ అమ్మాయికి చెప్పండి" అన్నాడు.

లెంట్ ఉపవాసాల్లో, రంజాన్‌లో బళ్ళలోనూ ఫ్యాక్టరీల్లోనూ పాలు, జున్ను పంచేవాళ్ళని నేను చదివాను. ఎవరు తినకుండా పక్కన పెడతారో చూసి ఆ ఇంటి సంగతి పైకి చెప్పడానికి. చదివినప్పుడు ఇదేదో పోలీసులు చేసే పని అనుకున్నాను. పోసేది టీచరే కదా, ఆ ఆలోచన నాకు రాలేదు.

పెద్దావిడ తల దించుకోలేదు. "పోశాను" అంది. "హెడ్‌మాస్టర్ లిస్టు అడిగేవాడు. తాగని పిల్లల్ని చూడనట్టు ఊరుకున్నాను. ప్రతిసారీ కాదు."

ఇంటావిడ ఆ చివరి మాట అనువదించడానికి కొంచెం ఆగింది. కూతురికి కూడా అది కొత్త సంగతేమో, నేను అడగలేదు.

సాయంత్రం ఒక్కదాన్నే నడుచుకుంటూ స్కందర్‌బేగ్ చౌక్ దాకా వెళ్ళాను. ఎథెమ్ బే మసీదు బయట టూరిస్టులు ఫోటోలు తీసుకుంటున్నారు. దాన్ని చారిత్రక కట్టడమని కూల్చకుండా వదిలారు కానీ తలుపులు మూసేశారు. 1991 జనవరిలో జనం లోపలికి వెళ్ళి నమాజు చేశాక మళ్ళీ తెరుచుకుంది. అక్కడికి దగ్గర్లోనే తీగలు అల్లుకున్న ఒక ఇల్లుంది, 'ఆకుల ఇల్లు' అంటారు. ఒకప్పుడు ప్రసూతి ఆసుపత్రి, యుద్ధంలో గెస్టాపో వాడుకుంది, తర్వాత సిగురిమి, అంటే వీళ్ళ రహస్య పోలీసులు, జనం మాటలు దొంగచాటుగా వినే కేంద్రం. 2017 నుంచి మ్యూజియం. ఈరోజు లోపలికి పోలేదు. ఇంతకుముందు చూసినవే చాలు: మైకులు, టేపు యంత్రాలు, వరసగా రాసిపెట్టిన ఫైళ్ళు.

దారి పొడుగునా ఆ పెద్దావిడ గురించే ఆలోచించాను. చదువు నేర్పింది ఆవిడే, పాలు పోసిందీ ఆవిడే, అదే గదిలో. హోజా గురించి మాట్లాడేవాళ్ళందరూ మంచి ఒక వైపు, చెడు ఒక వైపు రాసి కూడికలు తీసివేతలు చేస్తారు. ఇన్ని బడులు, ఇన్ని జైళ్ళు. అలా విడదీయడం కుదరదని నాకు ఈరోజు అర్థమైంది. ఆ బడి అక్షరం నేర్పే చోటూ, పిల్లాడి నోటి ద్వారా ఇంట్లో సంగతి లాగే చోటూ. ష్కోడర్‌లో తల్లులు పిల్లల ముందు శిలువ గుర్తు వేసుకోవడం మానేశారని అల్లుడు చెప్పాడు. పిల్లలు అబద్ధం చెప్పలేరని భయం. తన కన్నబిడ్డ దగ్గరే ఒక మనిషి తన నమ్మకాన్ని దాచుకోవాల్సి వచ్చిందంటే, రాజ్యం ఇంటి గడప దాటి, మంచం దాటి, ఇంకా లోపలికి వచ్చేసినట్టే.

ఈ దేశంలోని మాలిక్ చిత్తడి నేల సంగతీ అంతే. దాన్ని ఎండగట్టడం గొప్ప పని, మలేరియా తగ్గింది, పొలాలు వచ్చాయి. ఆ పని మొదట్లో ఆలస్యమైతే ఇంజనీర్లను విద్రోహులని 1946లో విచారించి చంపేశారు. తర్వాత ఖైదీలతో తవ్వించారు. పక్కనే గ్రీసు, ఇటలీ కూడా మలేరియాను తరిమాయి, జనానికి చదువు చెప్పాయి. వాళ్ళేం స్వర్గాలు కావు. కానీ జపమాల కోసం ఇళ్ళు సోదా చేయకుండానే ఆ పనులు అయ్యాయి.

రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. మాది విజయవాడ. తాతయ్య పటమటలో నాస్తిక కేంద్రం మీటింగులకు వెళ్ళేవాడు, నాన్న ఎర్రజెండా మనిషి, ఇంట్లో ఏనాడూ పూజ లేదు. నాకూ దేవుడి మీద నమ్మకం లేదు. నా పెళ్ళి కూడా ముహూర్తం లేకుండానే చేశారు. అందుకే ఈ సంగతి ఎవరికి చెప్పినా చెప్పకపోయినా నాన్నకు చెప్పాలనిపించింది.

"మతం పేరు మీద జనాన్ని ఎన్ని వందల ఏళ్ళు తొక్కారో మర్చిపోకమ్మా" అన్నాడు. "అల్బేనియాలో మూడు మతాలు, చుట్టూ పెద్ద దేశాలు, తలా ఒక వైపు లాగుతున్నాయి. హోజా భయం హోజాది. పద్ధతి తప్పే. కానీ అది ఒక్కటే పట్టుకుని మొత్తం కొట్టేస్తే ఎలా?"

"పద్ధతి తప్పు అంటే సరిపోదు నాన్నా" అన్నాను. "నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారిని కాకినాడ కాలేజీలోంచి ఎందుకు తీసేశారు? దేవుడు లేడని రాసినందుకు. నువ్వే కదా చిన్నప్పుడు చెప్పావు. ఆయన్ని తీసేసినవాళ్ళూ, కుర్తిని కాల్చినవాళ్ళూ ఒకటే పని చేశారు. నువ్వు ఏం నమ్మాలో మేం చెబుతాం అన్నారు. ఒకచోట ఉద్యోగం పోయింది, ఇంకోచోట ప్రాణం పోయింది."

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. నేనే చెప్పుకుంటూ పోయాను. గోరా గారి భార్య సరస్వతీ గోరా గారు కడుపుతో ఉండి గ్రహణం చూశారు. బిడ్డ పుట్టాక ఊరంతా చూసింది, ఏమీ కాలేదని. అది ఒప్పించడం. ఎవరి ఇంట్లోనైనా గర్భిణిని చెయ్యిపట్టి బయటికి లాక్కొచ్చి గ్రహణం చూడమని ఉంటే అది ఏమయ్యేది? నాస్తికత్వం నాకు విలువైనదే నాన్నా, దాన్ని పోలీసు చేతికిస్తే అది నాది కాకుండా పోతుంది అన్నాను. ఫోన్లో నా గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది.

మదర్ థెరెసా సంగతి కూడా చెప్పాను. ఆమె తల్లి, అక్క ఈ టిరానాలోనే ఉండేవాళ్ళు. కలకత్తా నుంచి ఆమె ఎన్నిసార్లు అడిగినా రానివ్వలేదు, వాళ్ళనూ బయటికి పంపలేదు. తల్లి 1972లో, అక్క మరుసటి ఏడు పోయారు. ఆమెను దేశంలోకి రానిచ్చింది 1989లో, సమాధులు చూసుకోవడానికి. ఇప్పుడు ఇక్కడి విమానాశ్రయానికి ఆమె పేరే. నేను మొదటిరోజు దిగింది ఆ పేరున్న చోటే, ఆ కథ తెలియకుండా.

"ఆవిడ విషయంలో నాకూ వేరే అభ్యంతరాలున్నాయి" అన్నాడు నాన్న. ఉండొచ్చు. నాకూ కొన్ని ఉన్నాయి. ఒక కూతురు తల్లిని చూడటానికి ఆమె అభిప్రాయాలు నాకు నచ్చాల్సిన పని లేదు.

తర్వాత నాన్న అడిగిన ప్రశ్న మాత్రం మంచిది. "మరి ఆ టీచరమ్మని ఏం చేయాలంటావు? జైల్లో పెట్టాలా?"

వద్దన్నాను. చట్టం రాసినవాళ్ళు వేరు, లిస్టు అడిగినవాడు వేరు, లిస్టు ఇచ్చిన ఇరవై ఏళ్ళ పిల్ల వేరు. ఆవిడ ఊరుకున్న పిల్లల్లో ఎవరో ఒకరి ఇల్లు నిలబడి ఉంటుంది, పేరు రాసిన పిల్లల్లో ఎవరిదో కూలి ఉంటుంది. ఆ రెండూ ఆవిడకు తెలుసు, మనవల ముందు, అల్లుడి ముందు ఒప్పుకుంది. ఈ దేశంలో చాలామంది ఇంకా ఆ పని చేయలేదు. పాత ఫైళ్ళు ఎవరివి వాళ్ళు చూసుకోవచ్చని 2015లో చట్టం వచ్చింది. అల్లుడు తాత ఫైలు కోసం దరఖాస్తు పెట్టాడట. పేరు ఇచ్చినవాడెవరో తెలిస్తే ఏం చేస్తావని భోజనాల దగ్గర ఇంటావిడ అడిగింది. "చదువుతాను" అన్నాడు, అంతకుమించి చెప్పలేదు.

1990 నవంబర్ గురించి మాత్రం చాలా చెప్పాడు. అప్పటికి ఆయనకు ఏడేళ్ళు. ఇంకా నిషేధం ఉంది. ష్కోడర్‌లో కాథలిక్కుల శ్మశానం దగ్గర సిమోన్ యుబాని అనే ఫాదర్ బహిరంగంగా పూజ చేశాడు, ఆయనా జైల్లో ఏళ్ళు గడిపినవాడే. వేలమంది వచ్చారు, అందులో ముస్లింలూ ఉన్నారు. అదే నెలలో అదే ఊళ్ళో సీసపు మసీదు దగ్గర సబ్రి కోచి నమాజు చేయిస్తే కాథలిక్కులు వెళ్ళి నిలబడ్డారు. ఈయన తండ్రి భుజం మీద కూర్చుని చూశాడట. తండ్రి శిలువ గుర్తు వేసుకోవడం చూడటం ఆయనకు అదే మొదటిసారి. ఆ చెయ్యి ఎలా కదపాలో తండ్రికి ఎలా తెలుసా అని ఆశ్చర్యపోయాడట.

నాన్నకు ఇదీ చెప్పాను. ఆయన వెంటనే, "ఇప్పుడు అక్కడ గుడికి, మసీదుకి పోనివాళ్ళని ఎవరైనా ఏమైనా అంటున్నారా?" అని అడిగాడు. లేదన్నాను. 1998 రాజ్యాంగం నమ్మకం విషయంలో, అంతరాత్మ విషయంలో రాజ్యం తటస్థంగా ఉండాలంటుంది. మా ఆఫీసులో ముస్లిం ఇంట్లో పుట్టి క్రిస్మస్ చేసుకునేవాళ్ళున్నారు, నాలాంటివాళ్ళూ ఉన్నారు. ఎవరూ ఎవరినీ అడగరు.

"అయితే బాగానే ఉంది" అని, హోజా గురించి మాత్రం నువ్వు ఇంకా చదవాలి, నేను ఒకటి రెండు వ్యాసాలు పంపుతాను అన్నాడు నాన్న. పంపమన్నాను. బదులుగా స్పాచ్ గని జైలు గురించి నేను పంపేది ఆయన చదవాలని మాట తీసుకున్నాను. అక్కడ 1973లో ఖైదీలు తిరగబడి, నక్షత్రం లేని అల్బేనియా జెండా ఎగరేశారు, నలుగుర్ని కాల్చారు. అది చదివాక మళ్ళీ మాట్లాడుకుందాం అన్నాను. బుధవారం సాయంత్రం తనే చేస్తానన్నాడు.